హెప్సీని ఎత్తుకున్న రోజులు

మొన్న ఆదివారం ఎస్తేరు టీచర్ మా పాపను చూడటానికి బాపట్ల నుంచి తెనాలి వచ్చారు. మేడ మెట్లు ఎక్కుతుంటే ఆవిడ మోకాళ్ళ చప్పుడు గుమ్మంలో ఉన్న నాకు వినిపించింది. ఒకప్పుడు ఆ మోకాళ్ళతోనే గాల్లోకి లేచి రింగు వల తాకి దిగేవారు. ఇప్పుడు మెట్టు మెట్టుకీ ఆగి, రెయిలింగు పట్టుకుని, "ఏమ్మా స్రవంతీ, నీకు పై వాటాయే దొరికిందా?" అని నవ్వుతూ ఎక్కారు. లోపలికి రాగానే తలుపు పక్కన పెట్టిన శానిటైజర్ సీసా వైపు చూశాను. చూశానంతే, అడగలేదు. ఆవిడ చేతులు రుద్దుకుంటూ, "నయం, కాళ్ళక్కూడా రాసుకోమనలేదు" అన్నారు. వంటింట్లోంచి మా అత్తయ్య పెద్దగా నవ్వారు. తను ఎన్నాళ్ళ నుంచో అనాలనుకుంటున్న మాట ఇంకెవరో అనేశారన్న తృప్తి ఉంది ఆ నవ్వులో.

మా మేధకు ఇంకా ఏడాది నిండలేదు. అది పుట్టిన దగ్గర్నుంచి నాకు నిద్రలో కూడా చెవులు మెలకువగానే ఉంటున్నాయి. కదిలితే ఎందుకు కదిలిందోనని, కదలకపోతే ఎందుకు కదల్లేదోనని. నుదుటి మీద చెయ్యి వేసి చూసి, నా చెయ్యి నమ్మక థర్మామీటర్ పెట్టి, దాన్నీ నమ్మక అదే థర్మామీటర్ నాకు పెట్టుకుని సరిచూసుకున్న రోజులున్నాయి. "ఐదుగురు మీదికొచ్చినా బంతి వదిలేదానివి కాదంటగా" అని మా ఆయన ఏడిపిస్తారు. నిజమే. ఐదుగురు కమ్ముకుంటే ఎటు తిరగాలో నాకు తెలుసు. అరచేతి పొడవు పాదాలున్న ఈ ఒక్క మనిషి ముందే ఏ పక్కకు తిరగాలో తెలియడం లేదు. ఇది రాస్తున్నది కూడా అది పడుకున్నాకే, ఒక చెవి అటే పడేసి.

టీచర్ పాపను చూడటానికి మాత్రమే రాలేదు. బాపట్లలో ఆవిడ చాలా ఏళ్ళుగా ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నారు. ఇప్పుడు మోకాళ్ళకు ఆపరేషన్ తప్పదన్నారట. "మళ్ళీ లేచి పరిగెత్తేది లేదు నేను. కుర్చీలో కూచుని విజిలూదితే అది కోచింగు కాదు. నువ్వొచ్చి పిల్లల్ని తీసుకో. సాయంత్రం ఆటే. మధ్యాహ్నం రైలెక్కితే రాత్రి అన్నాల వేళకి ఇంట్లో ఉంటావు" అన్నారు. చెన్నైలో నా ఆట కాంట్రాక్టు అయిపోయి, పెళ్ళయి, పాప పుట్టాక, ఇక బంతి ముట్టుకునే యోగం లేదేమోనని నేను లోపల్లోపల ఎంత దిగులుపడ్డానో ఇంట్లో ఎవరికీ తెలియదు. సరేనన్న మాట పెదాల దాకా వచ్చింది. అంతలో మేధ తుమ్మింది. ఆ తుమ్ముతో నా ధైర్యం అంతా ఎగిరిపోయింది. ఆటలోకి తిరిగి వెళ్ళాలన్న కోరిక ఎంతుందో, దీన్ని వదిలి గడప దాటాలంటే భయం కూడా అంతే ఉంది.

"పాపని నాతో తెచ్చేస్తానండి" అన్నాను. "మీరు మీ హెప్సీని కోర్టుకి తెచ్చినట్టే. అంతమంది ఆడపిల్లలుంటారుగా, తలా కాసేపు ఎత్తుకుంటారు."

టీచర్ నా మొహంలోకి చూశారు. ఏదో అనబోయి, "ముందు అన్నం పెట్టు తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. అత్తయ్య వడ్డిస్తున్నంతసేపూ నా మనసు రేపల్లెలోనే ఉంది.

రేపల్లెలో మా ఇల్లు స్టేషనుకు పక్క వీధిలో. తెనాలి నుంచి వచ్చే రైలుకు అదే ఆఖరి ఊరు, పట్టాలు అక్కడితో అయిపోతాయి. మా నాయనమ్మకు గడియారం చూడటం వచ్చుగాని ఎప్పుడూ చూసేది కాదు. పొద్దుటి రైలు కూత వేస్తే కాఫీ, మధ్యాహ్నం రైలు వస్తే అన్నం, సాయంత్రం రైలు ఆలస్యమైతే మా ఇంట్లో దీపం కూడా ఆలస్యమే. పెరట్లో కొబ్బరి మట్టల పొయ్యి మీద పెద్ద డేగిసాలో స్నానాల నీళ్ళు కాగుతూ ఉండేవి. ఆ పొగ వాసన మా అందరి జుట్టుకీ ఒకేలా పట్టేది. బళ్ళో నా పక్కన కూర్చున్నవాళ్ళు కళ్ళు మూసుకుని కూడా నన్ను గుర్తుపట్టేవాళ్ళు. నాయనమ్మ దగ్గర మాత్రం ఆ పొగతో పాటు ఆముదం వాసన, వక్కపొడి వాసన కలిసి ఉండేవి. నిజాంపట్నం నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే చేపల మార్తమ్మతో ఆవిడకు రోజూ గొడవ, రోజూ స్నేహం. బేరం తెగ్గానే ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఒకే వక్కపొడి డబ్బాలోంచి వేసుకునేవాళ్ళు.

నాయనమ్మకు ఒక అలవాటుండేది. మనిషి మొహం చూసేది కాదు, పిక్కలు చూసేది. వీధిలోకి కొత్త కోడలొస్తే, "మొగం బానే ఉంది, పిక్కల్లో బలం లేదు. ఆ పిల్ల బిందె ఎట్టా మోసుద్దో ఏంటో" అనేది. వీధిలో పుట్టిన పసిపిల్లలందరికీ నూనె రాసి, కాళ్ళు సాగదీసి నలుగుపెట్టింది ఆవిడే కాబట్టి ఆ మాటకు ఎదురు లేదు. బళ్ళో నన్ను బాస్కెట్‌బాల్‌కు తీసుకున్నారని చెప్పినప్పుడు, అమ్మ కుట్టు మిషను ఆపి భయంభయంగా నాయనమ్మ వంక చూసింది. నాయనమ్మ అడిగింది ఒక్కటే: "అందులో పరిగెత్తేదుందా?" ఉందన్నాను. "అయితే పో. నీ పిక్కలు బాగుపడతాయి." అంతటితో మా ఇంట్లో ఆ చర్చ ముగిసింది. రోజూ సాయంత్రం ఆడి వచ్చాక, పెనం మీద వేయించిన ఉప్పును పాత గుడ్డలో మూటకట్టి నా మడమలకు కాపడం పెట్టేది. ఆ వేడి ఉప్పు వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ఒళ్ళంతా తేలికైపోతుంది.

నన్ను తీసుకున్నది ఆట వచ్చని కాదు, పొడుగున్నానని. ఎస్తేరు టీచర్ ఆ ఏడాదే మా బడికి కొత్తగా వచ్చారు. సికింద్రాబాదులో ఉండి ఒక పెద్ద జట్టుకు ఆడి, దేశమంతా తిరిగిన మనిషని చెప్పుకునేవాళ్ళు. వాయిలు చీర కుచ్చిళ్ళ కింద తెల్ల బూట్లు వేసుకుని, చంకన పసిపిల్లతో బడి గేట్లోంచి నడిచి వచ్చిన రోజు మేమంతా కిటికీల దగ్గర మూగాం. పిల్ల పేరు హెఫ్సిబా, అందరికీ హెప్సీ. భర్త గూడ్సు రైలు గార్డు. ఏ రోజు ఏ ఊళ్ళో దిగుతారో ఆయనకే తెలియదు. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు. పిల్లను చూడటానికి పెట్టుకున్న ఆయా వారం తిరక్కుండా మానేసింది. మర్నాడు సాయంత్రం టీచర్ హెప్సీని కోర్టు దగ్గరికే తెచ్చేశారు. కోర్టు పక్కన నీళ్ళ ట్యాంకు నీడలో ఒక సిమెంటు దిమ్మ ఉండేది, మాకు బెంచీ అదే. ఆవిడ విజిల్ వేసి, "ఎవరు ఆటలోంచి బయటికొస్తే వాళ్ళు దిమ్మ మీద కూచోవాలి. దిమ్మ మీద ఎవరుంటే పాప వాళ్ళ ఒళ్ళో ఉంటుంది" అన్నారు. మా జట్టుకు అదే చట్టమైంది.

ఆ చట్టం వల్ల ఎక్కువగా దెబ్బతిన్నది నేనే. బంతి నా చేతుల్లోకి వచ్చినట్టే వచ్చి జారిపోయేది. రెండుసార్లు జారితే దిమ్మ మీదికే. మొదటి ఏడాది నేను బంతి పట్టుకున్న దానికంటే హెప్సీని ఎత్తుకున్నదే ఎక్కువ. జట్టులో అందరికంటే చురుకైనది నాగలక్ష్మి, నోరు కూడా అంతే చురుకు. పక్కనుంచి పరిగెత్తుతూ, "ఆయమ్మగారూ, పాలు పట్టారా?" అనేది. "ఈసారి పోటీలకి దీనికి జెర్సీ వద్దు టీచర్, జోలె కుట్టించండి" అనేది. నేను హెప్సీ చెయ్యి పట్టుకుని దానికేసి వెక్కిరింపుగా ఊపేదాన్ని. హెప్సీకి నాగలక్ష్మి అంటే ఇష్టం, అదొక అన్యాయం.

అయితే ఆట అయ్యాక టీచర్ అందరినీ కూర్చోబెట్టి, ముందు ఆడినవాళ్ళను కాదు, ఆ రోజు పాపను ఎత్తుకున్నవాళ్ళను అడిగేవారు: "కూచుని ఏం చూశావ్?" ఏమీ చూడలేదంటే ఊరుకునేవారు కాదు. "పాప నీ కళ్ళు మూసిందా?" అనేవారు. మొదట్లో నాకు ఏడుపొచ్చేది. కానీ చంకలో బరువు పెట్టుకుని, దాన్ని ఆడిస్తూ, ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చుకుంటూ రోజూ అదే ఆట చూస్తుంటే, మెల్లగా ఏదో కనపడటం మొదలైంది. బంతి వెంట పరిగెత్తేవాళ్ళకు బంతే కనపడుతుంది. నాకు మనుషులు కనపడేవాళ్ళు. ఒకరోజు, "నాగలక్ష్మి బంతి ఇచ్చే ముందు ఎటు ఇస్తుందో అటు కాలి బొటనవేలు తిప్పుతుంది టీచర్. బూటు చూస్తే చాలు" అన్నాను. అందరూ నాగలక్ష్మి బూట్ల వంక చూశారు. "అబ్బో, చెప్పొచ్చింది! అంత తెలిస్తే నువ్వొచ్చి ఆపు మరి" అంది నాగలక్ష్మి. టీచర్ అప్పటికప్పుడు నన్ను లేపి నిలబెట్టారు. హెప్సీ టీచర్ చంకలోకి వెళ్ళింది. నేను బూటు చూసి ఆపాను. మళ్ళీ ఆపాను. మూడోసారి నాగలక్ష్మి బొటనవేలు ఒకపక్కకు తిప్పి బంతి ఇంకోపక్కకు విసిరి, నాలుక బయటపెట్టింది. దాని ఆట ఆ రోజుతో ఇంకో మెట్టు ఎక్కింది, నాదీ ఎక్కింది.

ఒకసారి టీచర్‌కు మీటింగు ఉండి హెప్సీని మా ఇంటికి పంపించారు. నాయనమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నా చంకలో పిల్లను చూడగానే చాట పక్కన పెట్టి, మొహం చూడకుండా కాళ్ళు పట్టుకుంది. "ఎవరి బిడ్డే ఇది? దీని కాళ్ళకి నూనె తగిలి ఎన్నాళ్ళైంది?" టీచర్ బిడ్డని చెప్పాను. "టీచరైతే మాత్రం కాళ్ళుండవా?" అని, పీట వేసి, కాళ్ళు చాపుకుని, ఆముదం గిన్నె తెప్పించుకుంది. హెప్సీ మొదట ఊరు లేచేలా ఏడ్చింది. తర్వాత కళ్ళు మూతలు పడ్డాయి. సున్నిపిండితో నలిచి, వేడినీళ్ళు పోసి, పాత పంచెలో చుట్టాక నాయనమ్మ చేతిలో నిప్పుల గరిట పట్టుకుని ఆగిపోయింది. "ఒసే, వాళ్ళు కిరస్తానీలు గదా. సాంబ్రాణి వెయ్యొచ్చో కూడదో అడిగిరా పో." నేను బడి దాకా పరిగెత్తాను. మీటింగు గది బయట నిలబడి అడిగితే టీచర్ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. "వెయ్యమనమ్మా. దోమలు పోతాయి." ఆ తర్వాత ప్రతి ఆదివారం టీచర్ చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చేవారు. హెప్సీకి తలంటు, టీచర్‌కు మా ఇంట్లో భోజనం. క్రిస్మస్‌కు ఆవిడ కేకు పంపితే ఇంటిల్లిపాదీ తిన్నాం. నాయనమ్మ అందులో మార్తమ్మకు కూడా ఒక ముక్క దాచింది.

మరుసటి ఏడు బాపట్లలో పోటీలు. రేపల్లె నుంచి తెనాలి, తెనాలిలో రైలు మారి బాపట్ల. నాయనమ్మ స్టీలు క్యారియరు నిండా పులిహోర కట్టి, హెప్సీకి వేరే చిన్న గిన్నెలో మెత్తటి పప్పన్నం పెట్టి, "పిల్లని ఎండలో తిప్పబాకండి. ఓడిపోతే పోయారుగాని" అంది. ఆ మాట టీచర్‌తోనే అంది. రైల్లో హెప్సీ ఒళ్ళూ ఒళ్ళూ మారుతూ వచ్చింది. మాకు అదేమీ వింతగా తోచేది కాదు. మా జట్టుకు ఒక బంతి, ఒక విజిల్, ఒక హెప్సీ. అంతే.

ఆ మ్యాచ్ చివరికొచ్చేసరికి మేం కొద్ది పాయింట్ల వెనక ఉన్నాం. నేను బెంచీ మీద, హెప్సీ నా ఎడమ చంకలో. ఎదుటి జట్టులో పొడుగు పిల్ల ఒకతి మా రింగు కింద ఎటు నుంచి దూరుతోందో నాకు తెలిసిపోయింది. అరవాలని ఉంది, అరిస్తే హెప్సీ జడుసుకుంటుంది. కూర్చున్నచోటే కాళ్ళు ఆడిస్తున్నాను. మాలో ఒకమ్మాయికి కాలు మడతపడి కుంటుతూ బయటికొచ్చింది. టీచర్ నా వైపు తిరిగి, "స్రవంతీ, లే! పో!" అన్నారు. లేచాను. పోయాను. కోర్టు మధ్య దాకా వెళ్ళి మోకాళ్ళు వంచి, కుడిచెయ్యి చాపి, ఆ పొడుగు పిల్లకు ఎదురుగా నిలబడ్డాను.

ఎందుకు అంతా ఆగిపోయిందో నాకు అర్థం కాలేదు. రిఫరీ విజిల్ వేసి నా దగ్గరికి వచ్చారు. ఎండకు నల్లబడ్డ, నవ్వని మనిషి. నన్ను చూసి, నా చంకలోకి చూసి, చాలా గంభీరంగా అడిగారు: "ఆ ప్లేయరు నెంబరెంతమ్మా?"

అప్పుడు చూసుకున్నాను. హెప్సీ నా జెర్సీ పట్టుకుని కూర్చుని జనం వంక చూస్తోంది. చుట్టూ నవ్వులు. "ఆరుగురితో ఆడతారంటయ్యా రేపల్లె వాళ్ళు!" అని ఎవరో అరిచారు. నాగలక్ష్మి తల కొట్టుకుంటూ వచ్చి, "ఇటియ్యవే మొద్దూ" అని చేతులు చాపింది. హెప్సీ దాని దగ్గరికి వెళ్ళలేదు. ముందుకు వంగి, రిఫరీ మెళ్ళో వేలాడుతున్న విజిల్‌ను గుప్పిట పట్టుకుంది. ఆయన లాగితే ఇది లాగింది. నవ్వని మనిషి మెడ వంచుకుని, "అమ్మా, ఇచ్చెయ్ తల్లీ, మ్యాచుంది నాకు" అని బతిమాలారు. చివరికి ఆ పొడుగు పిల్ల, అదే ఎదుటి జట్టు పిల్ల, నోటితో ఏదో పక్షి కూత కూసింది. హెప్సీ విజిల్ వదిలేసి ఆ పిల్ల చంకెక్కింది. ఆమె దాన్ని తీసుకెళ్ళి మా టీచర్‌కు అప్పగించి వచ్చింది. ఆ తర్వాత నేను ఆ పిల్లను ఒక్కసారి కూడా మా రింగు కిందికి రానివ్వలేదు. నా జీవితంలో మొదటి బాస్కెట్ కూడా ఆ రోజే వేశాను. అయినా ఓడిపోయాం.

ఓడిపోయామని ఎవరూ తిట్టలేదు. టీచర్ మమ్మల్నందరినీ సూర్యలంక తీసుకెళ్ళారు. పులిహోర మిగిలింది ఇసుకలో కూర్చుని తిన్నాం. మాలో సగంమంది సముద్రం చూడటం అదే మొదటిసారి. హెప్సీ అల రాగానే మా మీదికి ఎగబాకడం, అల వెళ్ళిపోగానే దాన్ని పిలవడం. టీచర్ బూట్లు విప్పి పక్కన పెట్టి, చీర కాస్త పైకి దోపుకుని, నీళ్ళలో నిలబడి, "నెంబరెంతమ్మా" అని తనలో తనే అనుకుని నవ్వుకుంటున్నారు. ఆవిడంత భయం లేని మనిషిని నేను చూడలేదని అప్పుడనుకున్నాను. అలా చాలా ఏళ్ళు అనుకుంటూనే ఉన్నాను.

తర్వాత జిల్లా జట్టు, యూనివర్సిటీ, చెన్నైలో ఒక బ్యాంకు జట్టుకు కాంట్రాక్టు మీద ఆట. అక్కడ చెక్క నేల, పైన కప్పు, కాలు బెణికితే ఐసు పెట్టడానికి ప్రత్యేకంగా ఒక మనిషి. మ్యాచుకు ముందు ఎదుటి జట్టు ఆటను తెర మీద వేసి, ఎవరు ఎటు తిరుగుతారో ఆపి ఆపి చూపించేవాళ్ళు. అవన్నీ నాకు చూడగానే తెలిసిపోయేవి. "ఎక్కడ నేర్చుకున్నావ్?" అని అక్కడి కోచ్ అడిగితే మా బళ్ళో అన్నాను. చంకన పిల్లను పెట్టుకుని నేర్చుకున్నానని చెబితే నమ్మరని ఊరుకున్నాను. నాయనమ్మ పోయేదాకా నేను ఇంటికి వచ్చినప్పుడల్లా ముందు నా పిక్కలే తడిమి చూసేది. ఇప్పుడు మేధకు నూనె రాయడానికి నేను వీడియోలు చూస్తాను. అత్తయ్య పక్కనే కూర్చుని, తన ఇద్దరు పిల్లల్నీ పెంచిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ వీడియో తనూ చూస్తారు. అప్పటి మా ఇంట్లోనైతే వీధి పిల్లలంతా ఒక్క పీట మీదే తేలారు.

భోజనాలయ్యాక టీచర్ మేధను ఒళ్ళో వేసుకుని కాళ్ళు ఊపుతున్నారు. అప్పుడు అడిగాను, "అసలు మీకు భయం వేసేది కాదా టీచర్? మా చేతులు కూడా కడుక్కునేవాళ్ళం కాదు. బంతి పట్టుకున్న చేతుల్తోనే హెప్సీని ఎత్తుకునేవాళ్ళం."

"భయమెందుకు వెయ్యదే?" అన్నారు ఆవిడ, వింతగా. "మన జట్టు ఎప్పుడూ ఏ రింగు కింద బాస్కెట్లు ఇచ్చేదో గుర్తుందా?"

గుర్తుంది. మా బడి కోర్టులో గేటు వైపు రింగు. అక్కడ మా రక్షణ ఎప్పుడూ బలహీనమే. అది మా గ్రహచారం అనుకునేవాళ్ళం.

"గ్రహచారం కాదు, నా వీపు" అన్నారు టీచర్. "దిమ్మ కనపడేటట్టు నిలబడేదాన్ని నేను, హెప్సీ ఎవరి చేతిలో ఉందో, ఎట్టా ఉందోనని. అట్టా నిలబడితే గేటు వైపు రింగు నా వీపు వెనక పడేది. రెండేళ్ళు ఆ కొసన మీరు ఏం చేస్తున్నారో నేను సరిగ్గా చూడనేలేదు. ఆ లోటుతోనే ఓడిపోయాం బాపట్లలో."

నేను నేల మీద వేలితో కోర్టు గీసి, దిమ్మ ఎక్కడో, గేటు ఎక్కడో చూసుకున్నాను.

"నువ్వేమో అదేదో గొప్ప పద్ధతి అనుకుంటున్నావు" అని ఆవిడ నవ్వారు. "ఇంట్లో మనిషి లేక తెచ్చానమ్మా దాన్ని. మా అమ్మ ఉంటే తెచ్చేదాన్నా? మీ నాయనమ్మ దొరికాక ఆదివారాలు నాకు ప్రాణం లేచొచ్చేది. నీకు మీ అత్తగారున్నారు. పిల్లని ఇక్కడ ఉంచు. భయం వేస్తుంది, వెయ్యనీ. దాంతోనే రా."

"ఇంతకీ హెప్సీ ఆడుతుందాండీ?" అని అడిగారు అత్తయ్య.

"అది గుంటూర్లో ఫార్మసీ చదువుతోందండి. బంతి చూస్తేనే విసుగు దానికి. చిన్నప్పుడే తిరిగినంత తిరిగిందిగా!"

బుధవారం మధ్యాహ్నం నేను బాపట్ల రైలెక్కాను. అత్తయ్యకు పాలు ఎప్పుడు, పెసరకట్టు ఎప్పుడు, జ్వరమొస్తే ఏం చేయాలి, తుమ్మితే ఏం చేయాలి అన్నీ చెప్పాను. ఆవిడ అన్నిటికీ "అట్టాగేనమ్మా" అన్నారు. రైలు కదలకముందే ఫోన్ చేశాను. "ఇప్పుడేగా మెట్లు దిగావు!" అన్నారు. దారిలో మళ్ళీ చేశాను. "నువ్విన్నిసార్లు చేస్తే అది ఎట్టా పడుకుంటది? ఇంక నేనే చేస్తాలే" అని పెట్టేశారు.

కోర్టు దగ్గర పిల్లలు వరసగా నిలబడి "గుడీవినింగ్ మేడమ్" అన్నారు. రంగురంగుల బూట్లు, ఎత్తుగా బిగించిన జడలు. ఒకమ్మాయి పక్కమ్మాయితో, "ఈవిడేనంట, చెన్నైలో ఆడింది" అని గుసగుసగా అంటే, "చూడ్డానికి మా పిన్నిలాగుంది" అంది రెండోది. "మీ పిన్ని కూడా ఇట్టా వేస్తుందా?" అని బంతి తీసుకుని వేశాను. పడలేదు. రింగుకు తగిలి గోడ దాకా దొర్లింది. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు, నేనూ ఆపుకోలేదు. రెండోది పడింది. ఆ వల చప్పుడు విని ఎన్నాళ్ళైందో.

తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. ఒకమ్మాయి బంతి పట్టుకునే ముందే తల తిప్పేస్తోంది, దానికి చెప్పాను. ఇంకొకతి తప్పు చేసిన ప్రతిసారీ క్షమాపణ చెబుతోంది, చెప్పొద్దని అరిచాను. ఆ కొసకు పరిగెత్తాను, ఈ కొసకు పరిగెత్తాను. చెమటతో కళ్ళు మండుతుంటే తుడుచుకుని చూసేసరికి కోర్టు లైట్లు వేసి ఉన్నాయి. ఎప్పుడు వేశారో తెలియదు. అప్పుడు గుర్తొచ్చింది, నాకొక కూతురుందని. బ్యాగు దగ్గరికి వెళ్ళి ఫోన్ తీశాను. అత్తయ్య నుంచి ఒక్క కాల్ కూడా లేదు. ఆ క్షణంలో భయం వేయాలి, వేస్తుందనే అనుకున్నాను. వచ్చింది ఆకలి. బాగా ఆడిన రోజుల్లో వేసే ఆకలి. పిల్లల్లో ఒకరి దగ్గర వేరుసెనగపప్పు ఉంటే అడిగి తీసుకుని, స్టేషను దాకా తింటూ నడిచాను.

ఇంటికి వచ్చేసరికి మేధ చాప మీద కూర్చుని మరచెంబు మూతను నేలకేసి కొడుతోంది. నన్ను చూసింది. ఒకసారి నవ్వి, మళ్ళీ మూత కొట్టడంలో పడింది. నేను బ్యాగు దించకుండానే, "ఏడ్చిందా అత్తయ్యా?" అన్నాను.

అత్తయ్య కంచం పెడుతూ, "ఏడవలేదంటే నువ్వేడుస్తావు. ఏడ్చిందంటే రేపు మానేస్తావు. ఏం చెప్పమంటావు?" అన్నారు.

"నిజం చెప్పండి."

"ఏడ్చింది. నువ్వు వెళ్ళాక బాగానే ఏడ్చింది. ఎత్తుకుని మెట్ల మీద కూచున్నాను. కింద ఎదురింటి వాళ్ళ కుక్కపిల్లని చూసి ఊరుకుంది. తర్వాత మళ్ళీ ఏడ్చింది, నిద్రకి. పడుకోబెట్టాను. పడుకుంది." ఆవిడ కంచంలో అన్నం వడ్డించారు. "నూనె కూడా రాశాను. నాకు తెలిసినట్టే రాశాను."

మేధ కాళ్ళు పట్టుకుని చూశాను. నున్నగా, వెచ్చగా ఉన్నాయి. అత్తయ్య నా మొహం వంకే చూస్తున్నారు. ఆ చూపులో, నేను ఏమంటానోనన్న భయం కనపడి నాకే సిగ్గేసింది.

"రేపు కూడా మీరే రాయండి అత్తయ్యా" అన్నాను. "నేను అదే రైలుకి వెళ్తాను."